బరువు వచ్చిన సాయంత్రం

సోమవారం, పని దిగాక

ఆఖరి బేరింగు మీద పగులు లేదు. ఈ మాట రాసుకోవడానికే ఇవాళ తొందరగా ఇంటికొచ్చాను.

నా పని పగుళ్ళను ఫొటో తీయడం. మేముండే ఈ చక్రం శని చుట్టూ తిరుగుతూ తన చుట్టూ తానూ తిరుగుతుంది. ఆ తిరుగుడే మాకు బరువు. మా అమ్మాయి రూతు పుట్టకముందెప్పుడో ఇరుసు బేరింగు చీలి, చక్రం వేగం తగ్గించాల్సి వచ్చింది. అప్పట్నుంచీ ఇక్కడ అందరి బరువూ అయిదో వంతే. కొత్త బేరింగులు పోత పోసి బిగించడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఆదివారం వేగం పెంచుతారు. పూర్తి బరువు వస్తుంది.

ఇంజనీరు ఖాజా గారు నా ఫొటోలన్నీ చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చూశారు. "సువార్తమ్మా, ఇంక నీకు ఇక్కడ పని లేదు. ఇంటికి పో" అన్నారు. పైకి కసురుకున్నట్టే ఉంది గాని, తలుపుదాకా తోడు వచ్చారు.

ఇంటికొచ్చి, కప్పుకు కట్టిన వలల్లోంచి పచ్చడి జాడీలు దించడం మొదలుపెట్టాను. ఆదివారం తర్వాత కూడా అవి అక్కడే ఉంటే ఎవరి నెత్తినో పడతాయి. రూతు బరువు అలవాటు కావడానికి ఇసుక సంచుల చొక్కా తొడుక్కుని గది చుట్టూ నడుస్తోంది. తొమ్మిదేళ్ళ పిల్ల. పోయిన ఏడు తలుపు వేస్తూ చెయ్యి విరగ్గొట్టుకుంది. బరువు లేక ఇక్కడ పుట్టిన పిల్లల ఎముకలన్నీ ఇలా పెళుసే. అందుకే ఈ బరువు కోసం తల్లులందరం ఎదురుచూస్తున్నాం.

అప్పుడే గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడింది. తెల్లటి జుట్టును బిగించి ముడేసుకుంది. చక్రంలో మా వైపు ఆవిడ తెలియనివాళ్ళు లేరు. నాట్యం టీచరు హైమవతి గారు.

"పగుళ్ళ ఫొటోలు తీసేది నువ్వేనా?" అన్నారు.

"నేనేనండీ. లోపలికి రండి."

"శనివారం రంగశాలలో నా కార్యక్రమం. బరువు రాకముందు ఆఖరిది. నువ్వు ఫొటోలు తియ్యాలి."

"మనుషుల్ని ఎప్పుడూ తీయలేదమ్మగారూ. నేను తీసేవి కదలవు. రంగశాలలో వీడియో కెమెరాలు ఉన్నాయి కదా?"

"వీడియోలో నేను కిందికి దిగిపోతానే" అన్నారు ఆవిడ. "ఫొటోలో అయితే గాల్లోనే ఉంటాను."

కాదనలేకపోయాను.

మంగళవారం

మొదటి రిహార్సలు. ఒక్క ఫొటో పనికిరాలేదు.

హైమవతమ్మ గారి నాట్యం భూమి మీద ఆడేది కాదు. ఇక్కడి తేలిక బరువులో ఆవిడ సొంతంగా కట్టుకున్నది. జతి ముగిసే చోట మోకాళ్ళు వంచి, ఒక్క ఊపున పైకి లేస్తారు. మృదంగం మీద నాలుగు దెబ్బలు పడేదాకా గాల్లోనే ఉంటారు. ఆ నాలుగు దెబ్బల్లో చేతులు వికసిస్తాయి, కళ్ళు తిరుగుతాయి, అరవయ్యొక్కేళ్ళ మనిషి చిరునవ్వుతో అలా నిలిచిపోతుంది. చూస్తూ నొక్కడం మరిచిపోయాను.

నొక్కినవన్నీ మసక. చక్రం వేగం పెంచే మోటార్లకు కరెంటు దాచిపెట్టాలని రంగశాలలో సగం దీపాలే వెలిగిస్తున్నారు. ఆ వెలుగులో కదిలేది ఏదైనా చెరిగిపోతుంది. ఆలోచించకుండా ఫ్లాష్ వేశాను. నిప్పు అలారం మోగింది. ఇద్దరు కాపలావాళ్ళు దుప్పట్లు పట్టుకుని తేలుతూ పరిగెత్తుకొచ్చారు. హైమవతమ్మ గారు గాల్లో ఉండగానే పకపకా నవ్వారు.

మృదంగం వాయించే పోలినాయుడు గారు నన్ను పక్కకు పిలిచారు. ఆయన విజయనగరం వైపు నుంచి ఇక్కడికి వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటినా మాట మారలేదు.

"ఏటి సేస్తన్నావమ్మా? కంటితో సూసి నొక్కితే అప్పటికే అయిపోనాది. సెవితో పట్టు. రెండో దెబ్బకీ మూడో దెబ్బకీ నడుమ ఆవిడ పైన ఒక్క లిప్త ఆగుద్ది. పైకీ పోదు, కిందకీ రాదు. అప్పుడు తియ్యాల."

కళ్ళు మూసుకుని విన్నాను. కాసేపటికి ఆ లిప్త నాకూ వినిపించింది.

ఇంకో సంగతి కూడా గమనించాను. చక్రం తిరగడం వల్ల, పైకి లేచిన మనిషి లేచిన చోటే దిగదు. ఓ జానెడు ఎడమకు జరిగి దిగుతుంది. కాబట్టి ఫొటోలో ఎడమవైపు ఖాళీ వదలాలి. ఇలాంటి లెక్క నా చేతికి అలవాటే. కాస్త ధైర్యం వచ్చింది.

బుధవారం

దొరికింది.

ఒక్కటే దొరికింది, కానీ అద్దంలా వచ్చింది. గాలిలో హైమవతమ్మ గారు, కుడికాలు మడిచి, చెయ్యి చెవిదాకా చాచి. కొంగు ఇంకా పైకే పోతోంది. ఆవిడ చాలాసేపు దాన్ని చూసి, మెట్టు మీద కూర్చుని మోకాళ్ళు నొక్కుకున్నారు.

"నొప్పా అమ్మగారూ?"

"ఇప్పుడేం ఉంది? దీనికి అయిదింతలు బరువు పడ్డాక ఉంటుంది నొప్పి. డాక్టరు చెప్పాడు. నడవచ్చునట, ఆడకూడదట. కూర్చుని పిల్లలకి చెప్పుకుంటాను."

ఆదివారం కోసం రోజూ మోకరించి ప్రార్థన చేసేదాన్ని నేను. ఆవిడ ఆట ఆగిపోయే రోజూ అదే. ఆ సంగతి చెప్పేశాను.

"పిచ్చిదానా" అన్నారు ఆవిడ. "నీ కూతురి ఎముకల కంటే నా గెంతులు గొప్పవా? ఆ పిల్ల చెయ్యి విరిగినప్పుడు కట్టు కట్టేదాకా ఒళ్ళో పెట్టుకున్నది నేనే. నీకు తెలీదేమో, అప్పుడు నువ్వు ఇరుసు దగ్గర ఉన్నావు."

నాకు తెలియదు. రూతు చెప్పలేదు. ఇంటికొచ్చి అడిగితే, "ఆ మామ్మ నాకు వేళ్ళతో జింకని చేసి చూపించింది. ఏడుపు మర్చిపోయాను" అంది.

గురువారం

అంతా తలకిందులైంది.

సూర్యుడి వెలుగు పట్టి మాకు కరెంటు ఇచ్చే పెద్ద అద్దాల్లో ఒకటి పొద్దున బీటలు వారింది. మిగిలిన అద్దాలతో మోటార్లు నడపాలంటే, చక్రం శని నీడలోకి వెళ్ళకముందే నడపాలి. నీడ శనివారం మొదలవుతుంది. ఒకసారి మొదలైతే నెలల తరబడి వస్తూ పోతూ ఉంటుంది. అంటే వేగం పెంచడం రేపే, శుక్రవారం సాయంత్రం.

"శని నీడ పడితే ఏ పనీ సాగదని మా అమ్మ అనీది. ఇదిగో, నిజంగానే పడతంది" అన్నారు పోలినాయుడు గారు.

బరువు పెరిగే గంటన్నరసేపు మా వైపు జనమంతా ఒకేచోట బెల్టులు పెట్టుకుని కూర్చోవాలని ఖాజా గారి ఆదేశం. అందరికీ సరిపడా కుర్చీలు ఉన్నది రంగశాలలోనే. కాబట్టి కార్యక్రమం రద్దు. ఆ మాట చెప్పడానికి ఆయన స్వయంగా రంగశాలకు వచ్చారు. గజ్జెలు కట్టుకుంటున్న హైమవతమ్మ గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"క్షమించండమ్మా. నా చేతుల్లో ఏం లేదు."

ఆవిడ గజ్జె ముడి బిగించి తలెత్తారు. "రేపు అందరూ ఇక్కడే కూర్చుంటారా?"

"అవునమ్మా."

"ఏం చేస్తూ?"

"ఏముంది చేసేందుకు. భయపడతా కూర్చుంటారు."

"వేదిక ఖాళీగానే ఉంటుందిగా. అయితే ఆడతాను."

ఖాజా గారు ఒక అడుగు ముందుకు వేశారు. "ఏందమ్మా మీరనేది? నిమిష నిమిషానికీ బరువు పెరుగుతుంటే ఆడతారా? నిలబడటమే కష్టం."

"ఎంతదాకా ఆడగలిగితే అంతదాకా. తర్వాత కూర్చుంటాను. కూర్చుని కూడా ఆడటం వచ్చు నాకు. పిల్లలు భయపడుతూ కూర్చునే కంటే నన్ను చూస్తూ కూర్చోవడం మేలు కాదూ?"

ఖాజా గారి మనవళ్ళు కూడా రేపు ఆ కుర్చీల్లోనే కూర్చోవాలి. చివరికి షరతులు పెట్టారు. డాక్టరు వేదిక పక్కనే ఉంటాడు. సగం బరువు రాగానే వేదిక అంచున ఎర్ర దీపం వెలుగుతుంది. ఆ తర్వాత ఎగరకూడదు. వేదిక మీదవాళ్ళు తప్ప అందరూ బెల్టుల్లోనే ఉండాలి.

"సువార్త కూడానా?" అని అడిగారు హైమవతమ్మ గారు.

"సువార్త కూడా."

శుక్రవారం, పొద్దున

ఒకే కుర్చీ. లేవడానికి లేదు. ఎక్కడ కూర్చోవాలి?

నేను ముందు అనుకున్నది పైవరుస. ఆవిడ ఎగిరితే అక్కడి నుంచి కంటికి ఎదురుగా కనిపిస్తారు. కానీ ఎగరడం ఎంతసేపు ఉంటుందో తెలియదు. సగం బరువు తర్వాత ఆవిడ వేదిక మీదే ఉంటారు. పై నుంచి తీస్తే నడినెత్తి తప్ప ఏమీ రాదు.

పోలినాయుడు గారు మృదంగం తోలు బిగిస్తుంటే పక్కన కూర్చుని అడిగాను. "ఇవాళ చెవితో పట్టచ్చా?"

"ఇయ్యాల ఆ ఆట సాగదమ్మా" అన్నారాయన. "ఇన్నాళ్ళూ నా దెబ్బ ఎనకాల ఆవిడ దిగీది. ఇయ్యాల ఆవిడ ఎప్పుడు దిగితే అప్పుడు నాను కొడతాను. ఆవిడ ఎప్పుడు దిగుద్దో ఆవిడకే తెల్దు."

అంటే నేర్చుకున్నదంతా గాలికే. కళ్ళూ పనిచేయవు, చెవీ పనిచేయదు. కుర్చీలన్నిటిలోనూ కూర్చుని చూశాను. ముందు వరుసలో, వేదికకు కుడివైపు మూల ఆగాను. అక్కడ వేదిక అంచు నా ఛాతీ ఎత్తున ఉంది. ఆవిడ మోకాళ్ళు సరిగ్గా నా కళ్ళ ముందు ఉంటాయి. పైకి లేచేముందు మోకాళ్ళు ఎంత వంగితే అంత ఎత్తుకు లేస్తారు. మోకాళ్ళను చూసి అంచనా వేయాలి. ఇంతకు మించి ఉపాయం దొరకలేదు.

రూతును నా పక్క కుర్చీలో కూర్చోబెడతాను. కెమెరా పట్టీని బెల్టుతో కలిపి కుట్టాను.

శనివారం, పక్క మీంచి

చెయ్యి ఎత్తితే చెయ్యి ఉన్నట్టు తెలుస్తోంది. తల దిండులోకి కూరుకుపోతోంది. అందరం బాగున్నాం. ముందు ఆ మాట రాసి, తర్వాత జరిగింది రాస్తాను.

జనం వచ్చి కూర్చున్నారు. బెల్టుల చప్పుడు, పిల్లల ఏడుపులు. స్పీకరులో ఖాజా గారి గొంతు: "మొదలుపెడుతున్నాం. దేవుడి దయ." నేల లోపల ఎక్కడో సన్నగా రొద లేచింది. రూతు నా చెయ్యి పట్టుకుంది. అప్పుడే తెర లేచింది.

హైమవతమ్మ గారు ఆకుపచ్చ చీరలో నిలబడి ఉన్నారు. ఏమీ జరగనట్టు నమస్కారం చేశారు. మొదటి జతి, మొదటి ఎగురు. ఇంకా పాత బరువే. పోలినాయుడు గారి నాలుగు దెబ్బలూ పూర్తిగా పడ్డాయి. రెంటికీ మూటికీ మధ్య నొక్కాను. అది బాగా వచ్చిందని నొక్కిన వేలికే తెలిసిపోయింది.

రెండో ఎగురు మూడో దెబ్బకే దిగింది. మూడోది ఇంకా ముందే. నేను నొక్కేసరికి ఆవిడ నేల మీద ఉన్నారు. ఫొటోలో ఉత్త వెనక తెర వచ్చింది. ఎడమవైపు వదిలిన జానెడు ఖాళీ కూడా దండగైంది. ఆవిడ లేచిన చోటికి దగ్గరగా దిగడం మొదలైంది. నేను మోకాళ్ళ మీద చూపు పెట్టాను. వంగాయి. నొక్కాను. మసక. మళ్ళీ వంగాయి. కొంచెం ముందు నొక్కాను. ముఖం వచ్చింది, చేతులు చెరిగిపోయాయి.

కెమెరా పట్టీ మెడను లాగసాగింది. పక్క వరుసలో ఒకాయన బుగ్గలు మెల్లగా కిందికి జారుతున్నాయి. చుట్టూ చూస్తే అందరి ముఖాలూ అంతే, ఉన్నట్టుండి వయసు మీద పడ్డట్టు. పిల్లలెవరూ ఏడవడం లేదు. అందరూ నోళ్ళు తెరుచుకుని వేదికకేసే చూస్తున్నారు. ఒక మనిషి, తమ కళ్ళముందే, లేవలేక లేవలేక లేస్తోంది.

ఎర్ర దీపం వెలిగింది.

ఆవిడ దాన్ని చూశారు. పోలినాయుడు గారూ చూసి చేతులు ఆపేశారు. ఆవిడ వేదిక అంచుదాకా నడిచి వచ్చారు. ప్రతి అడుగుకీ నేల గట్టిగా ఉందో లేదో చూసుకుంటున్నట్టు నడిచారు. నాకు ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గర నిలబడ్డారు. మోకాళ్ళు పక్కలకు విప్పి, నడుము నిలిపి, కుడిపాదం ఎత్తి నేలకు కొట్టారు.

ఠప్!

ఆ చప్పుడు పైకప్పుదాకా వెళ్ళి తిరిగొచ్చింది. తేలిక బరువులో పాదం నేలను తాకి మళ్ళీ లేచిపోయేదే తప్ప, ఎప్పుడూ ఇలా మోగలేదు. పిల్లలు ఉలిక్కిపడ్డారు. వెనక వరుసల్లో ముసలివాళ్ళెవరో "ఆహా!" అన్నారు. హైమవతమ్మ గారు తన పాదాన్నే చూసుకుంటున్నారు. ఆవిడ ముఖంలో ఆశ్చర్యం. తర్వాత ఎడమపాదం. తర్వాత కుడి. పోలినాయుడు గారు అందుకున్నారు. పాదమూ మృదంగమూ ఒక్కసారే పడుతున్నాయి.

"అమ్మా, నా కాళ్ళలోకి వస్తోంది!" అని అరిచింది రూతు.

నేను కెమెరా కిందికి దించాను. నేలను కొట్టిన పాదం ఒక్క క్షణం నేల మీద ఆగుతుంది. ఆ సగం వెలుగుకు ఆ క్షణం చాలు. నొక్కుతూనే ఉన్నాను. మడమ, వేళ్ళు, గజ్జెలు, పారాణి, కదిలిన దుమ్ము. అన్నీ స్పష్టంగా.

అంతలో ఆవిడ కుడి మోకాలు ఒరిగింది.

పడిపోలేదు, కూలబడ్డారు. జనం నోట ఒక్కటే అరుపు. డాక్టరు లేచి రెండడుగులు వేశాడు. నేను బెల్టు మీద చెయ్యి వేశాను. ఆవిడ ఎడమ అరచెయ్యి ఎత్తి, ఆగమన్నారు. డాక్టరు ఆగాడు. అందరం ఆగాం. ఆవిడ రెండు మూడుసార్లు ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత ఆ ఎత్తిన అరచేతినే మెల్లగా తిప్పి, వేళ్ళు విప్పి, జింకను చేశారు.

ఆ జింక గడ్డి మేసింది, నీళ్ళు తాగింది, ఏదో విని చెవులు రిక్కించింది. మిగిలిన సేపంతా ఆవిడ కూర్చునే ఆడారు, కళ్ళతో, వేళ్ళతో. మా ఎముకల మీద బరువు ఎంత ఎక్కిందో ఎవరం పట్టించుకోలేదు.

"పూర్తి బరువు" అన్నారు ఖాజా గారు స్పీకరులో. ముక్కు చీదుకున్నట్టు వినిపించింది. "చక్రం నిలకడగా ఉంది. పగుళ్ళు లేవు. మీరు లేవచ్చు."

ఎవరూ లేవలేదు. అందరి చూపూ హైమవతమ్మ గారి మీదే. పోలినాయుడు గారు మృదంగం పక్కనపెట్టి, తనే తూలుతూ వెళ్ళి చెయ్యి అందించారు. "నెమ్మదిగా అమ్మా, తొందరేటి నేదు." ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని, డాక్టరు భుజం పట్టుకుని లేచి నిలబడ్డారు.

అప్పుడు మేం లేవబోయాం. సగంమంది వెనక్కి కూలబడ్డారు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు రంగశాలంతా పాకింది. ఏడుస్తూ నవ్వేవాళ్ళు, ఒకరి మీద ఒకరు ఒరిగేవాళ్ళు. రూతు రెండు చేతులతో ముందున్న వేదిక అంచు పట్టుకుని, పళ్ళు బిగించి లేచింది. కాళ్ళు వణికాయి. నిలబడ్డాయి.

నేను ఫొటో తీయలేదు. రెండు చేతులూ దాని వెనకాలే పెట్టుకుని, అది పడుతుందేమోనని నిలబడ్డాను. అది పడలేదు.

మంగళవారం

రూతు ఎముకల ఎక్స్‌రేలు నేనే చూశాను. వెంట్రుక మందం గీత కూడా లేదు. హైమవతమ్మ గారి మోకాలు వాచింది, విరగలేదు. కర్ర సాయంతో నడుస్తున్నారు.

ఫొటోలు తీసుకెళ్ళాను. గాలిలో ఉన్నదాన్ని ఒళ్ళో పెట్టుకుని, "ఇది నాకు. ఇంట్లో పెట్టుకుంటాను" అన్నారు. పాదాల ఫొటోను వెలుగుకు పట్టి చూశారు. "ఇన్నేళ్ళూ పైకి చూసుకుంటూ బతికేశానే. ఇది రంగశాల గుమ్మంలో పెట్టించు. లోపలికి వచ్చేవాళ్ళందరూ చూడాలి."

ఇవాళే పిల్లల క్లాసు మొదలుపెట్టారు, తన గదిలోనే. ఒక్కొక్కళ్ళూ గోడ పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ కుర్చీలో కూర్చుని కర్రతో తాళం వేశారు. "కుడికాలు. గట్టిగా. భయపడకండి, నేల ఎక్కడికీ పోదు."

పిల్లలందరూ ఒకేసారి కొట్టారు. అలమరలో గ్లాసులు గల్లుమన్నాయి. ఇంకోసారి కొట్టారు.

కింది అంతస్తులో ఎవరో తమ పైకప్పును కర్రతో పొడిచారు. ఒకసారి కాదు, విసుగ్గా, మూడు నాలుగుసార్లు. "పైన ఏమిటా గోల?" అని కేక కూడా వినిపించింది.

పిల్లలు బెదిరి ఆగిపోయారు. నేను కిందికి వెళ్ళి క్షమాపణ చెప్పి వద్దామని తలుపుదాకా వెళ్ళాను.

"ఆగవే" అన్నారు హైమవతమ్మ గారు. ముఖమంతా వెలిగిపోతోంది. "వాళ్ళకి వినపడింది! మన అడుగు కిందిదాకా వినపడింది!" కర్ర ఎత్తి పిల్లల వైపు తిరిగారు. "ఊఁ, ఇంకోసారి. ఈసారి ఎడమకాలు."